గోడ మీద పసుపు చుక్కలు

"ఆ తడిగుడ్డ అవతల పెట్టండత్తయ్యా! నా గోడ జోలికి రావద్దు!"

కామేశ్వరి అంత గట్టిగా అరుస్తుందని రామతులసమ్మ అనుకోలేదు. అరిచిన కామేశ్వరీ అనుకోలేదు. కంభంలో ఈ ఇంటికి కోడలుగా వచ్చాక ఆమె గొంతు ఇంటి ముందున్న తమ దుకాణం దాకా వినిపించడం ఇదే మొదలు.

"నీ గోడా? మా మామ కట్టించిన గోడమ్మా ఇది. దీనికి అమ్మవారు పోసినట్టు ఏందీ పసుపు చుక్కలు? చాలించు నీ కసరత్తులు. పోయి పండుకో."

"పండుకుంటే చెయ్యి బిగుసుకుపోతాది. చెయ్యి తల మీదికి లేవకుంటే సోమవారం గుంటూరులో కరెంటు పెట్టరు. దయామణి సిస్టరు మీ ముందరే గదా చెప్పింది?"

కామేశ్వరికి కుడివైపు రొమ్ముకు ఆపరేషన్ అయింది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టే మెషిన్ కింద ఆ చెయ్యి తల మీదికి ఎత్తి కదలకుండా పడుకోవాలి. అందుకు సిస్టరు నేర్పిన పద్ధతి ఒకటే. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను చీమల్లా పైకి పాకించాలి, అందినంత ఎత్తున గుర్తు పెట్టాలి, మరునాడు దాన్ని దాటాలి. పక్కనే పూజగది కావడంతో కామేశ్వరి పసుపులో వేలు ముంచి చుక్క పెడుతోంది.

రామతులసమ్మ లెక్కలో మాత్రం కోడలు బాలింతతో సమానం. చెవుల్లో దూది పెట్టించింది. తలకు గుడ్డ కట్టించింది. వెల్లుల్లి కారంతో తప్ప అన్నం పెట్టడం లేదు. బాలింత చెయ్యెత్తితే ఎంత ప్రమాదమో ఇదీ అంతే.

"సిస్టరు చిన్నపిల్ల. దానికేం తెలుసు? ఎత్తేకొద్దీ చెయ్యి దిగిపోతాది. నాకు తెలుసు."

"మీకెట్ల తెలుసు?"

రామతులసమ్మ గుడ్డ పట్టుకుని గోడ వైపు నడిచింది.

"ముందు పోయి మీ తల దువ్వుకోండి" అంది కామేశ్వరి, అడ్డం నిలబడుతూ. "మందులకు నా జుట్టంటే రాలిపోయింది. మీకేమొచ్చింది?"

నిజమే. ఎప్పుడూ నున్నగా దువ్వి కొప్పు పెట్టే మనిషి, ఈమధ్య జుట్టును మెడ మీద ఒక రబ్బరు బ్యాండుకు వదిలేసింది. ఆ మాటకు రామతులసమ్మ ముఖం అదోలా అయింది. కోడలి పక్కనుంచి చెయ్యి చాచి తుడవబోయింది. గుడ్డ ముందుగా కింది చుక్కల మీదికే పోయింది.

కామేశ్వరి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. వారం నుంచి తాను చూడకుండా తప్పించుకుంటున్న చుక్కలవి. కిటికీ పైదాకా ఎక్కిన చుక్కల పక్కనే, ఒకదాని కంటే ఒకటి దిగుతూ మరికొన్ని. అన్నిటికంటే కిందిది ఆమె భుజం ఎత్తు కూడా లేదు. అవి పెట్టినట్టు ఆమెకు గుర్తు లేదు. కానీ మందు ఎక్కించినప్పటి నుంచి ఆమెకు చాలా గుర్తుండటం లేదు. పొయ్యి మీద పాలు మరిచిపోయింది. ఒకరోజు కన్నకూతురి పేరు కోసం తడుముకుంది. పొద్దున ఎక్కిన చెయ్యి తనకు తెలియని ఏదో పూట దిగి వస్తోందన్న భయం, అదీ చీమలాగే లోపల పాకుతోంది.

పొట్లాలు కట్టే పురికొస చేతిలో అట్లాగే పట్టుకుని భర్త నాగేశ్వర్లు దుకాణంలోంచి లోపలికొచ్చాడు.

"ఏందమ్మా ఈ రచ్చ? సరుకులు కొనేదానికొచ్చినోళ్లు నిలబడి వింటాండారు."

"నీ పెండ్లాం మొండితనం చూడు నాయనా."

"అమ్మ చెప్పినట్టు విను కామేశ్వరీ. ఈ సోమవారం కాకుంటే పైవారం పోదాం."

"పైవారం దాకా నా జబ్బు ఆగుతాదా? చెయ్యెత్తితే ఆగడానికి అదేమన్నా గిద్దలూరు బస్సా?"

అంతే, గోడ వైపు తిరిగింది. వేళ్లు ఆనించింది. భుజం దాటింది. ముఖాన చెమట పట్టింది. కిటికీ దాటింది. చంకలో ఏదో సన్నగా చిరుగుతున్నట్టుంది. పళ్లు బిగబట్టి అన్నిటికంటే పై చుక్కను దాటింది. అక్కడి నుంచి చెయ్యి మెల్లగా వెనక్కి వంగి, గుడ్డ కట్టిన తల మీద ఆనింది.

"అబ్బో!" అన్నాడు నాగేశ్వర్లు. "ఇంక అటక మీద డబ్బాలు నువ్వే దించొచ్చు."

కామేశ్వరి నవ్వలేదు. ఇంత ఎత్తుకు పోయే చెయ్యి నిన్నో మొన్నో భుజం కింద ఆగి ఉండదు. తన మతి పోలేదు. ఆ చుక్కలు తనవి కావు.

"ఆ కింది చుక్కలు మీరే పెట్టినారు" అంది, అత్తగారి కళ్లలోకి చూస్తూ. "నన్ను భయపెట్టి మాన్పించేదానికి."

"ఏం మాట్లాడతాండావే!" భర్త గద్దించాడు. "అమ్మా, కాదని చెప్పమ్మా."

రామతులసమ్మ చేతిలోని గుడ్డ నుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి.

"నేనే పెట్టినా" అంది చివరికి. "కానీ నిన్ను భయపెట్టేదానికి కాదు."

"మరెందుకు?"

ఆమె గుడ్డ కింద పడేసింది. గోడకు ఎదురుగా నిలబడింది. ఎంత ఎండలోనూ ఎడమ భుజం మీద నుంచి జారనివ్వని పైటను మొదటిసారి పక్కకు తీసింది. ఎడమచేతి వేళ్లు గోడ మీద చీమల్లా పాకి, అన్నిటికంటే కింది చుక్కకు బెత్తెడు కిందనే ఆగిపోయాయి.

"నిన్న ఆ చుక్క దాకన్నా లేసింది" అంది రామతులసమ్మ. ఆ చెయ్యి జారిపోబోయింది.

పట్టుకుందామని గబుక్కున ముందుకొచ్చిన కామేశ్వరి వేళ్లకు, అత్తగారి చంకలో, కుంకుడుకాయంత గడ్డ తగిలింది.