పదిహేడో నక్క

నిస్సార్ అహ్మద్ కాలు విరిగింది. బాలమురళి కళ్లజోడు పగిలింది. ఒకడికి కళ్లున్నాయి, నడవలేడు. ఇంకొకడు నడవగలడు, తన కాళ్లే తనకి కనపడవు. ఇద్దరినీ కలిపినా ఒక మనిషి పూర్తిగా తయారవడు.

రెండు వేల సంవత్సరం, జూన్ నెల. జూన్ అంటే చలికాలమైన ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా ఎత్తైన కొండలు. చుట్టూ బండరాళ్లు, వాటి మీద మంచు, ఆ మంచు మీద ఇంకాస్త మంచు.

ఆర్నెల్ల కిందట వీళ్లిద్దరూ కాన్‌బెర్రాలో కూర్చుని ప్రపంచాన్ని వైటూకే కంప్యూటర్ గండం నుంచి కాపాడారు. జనవరి ఒకటిన ఏమీ కాలేదు. ఏమీ కానందుకు ఉద్యోగాలు పోయాయి. రెజ్యూమేలో ఖాళీ కనపడకూడదని విద్యావతి దగ్గర వలంటీర్లుగా చేరారు. ఆవిడ యూనివర్సిటీలో సైంటిస్టు. ఈ కొండల్లో నక్కల మెడకి రేడియో కాలర్లు కట్టి, అవి చలికాలం ఎలా గడుపుతాయో కనిపెడుతుంది.

చేరి మూడు రోజులే అయింది. మొదటి రోజు పాఠం మాత్రం ఇద్దరికీ కంఠతా వచ్చు. కాలర్ కదులుతున్నంతసేపూ క్యాంపులో రిసీవర్ నిదానంగా బీప్ అంటుంది. నక్క బతికుందన్నమాట. నాలుగు గంటలు కదలకపోతే గబగబా కొట్టుకుంటుంది. నక్క పోయిందన్నమాట.

క్యాంపు పుస్తకంలో సరస్సు వైపు వెళ్తున్నామని రాశారు. ఫొటో బాగా వస్తుందని ఇటొచ్చారు. పొగమంచు కమ్మింది. జారారు. ఇద్దరి సెల్‌ఫోన్లూ చూశారు. రెండూ టైము మాత్రం కరెక్టుగా చెప్పి, కాసేపటికి చలికి ఆరిపోయాయి.

పడినచోటే, రాళ్ల సందులో ఒక కాలర్ దొరికింది. పదిహేడో నంబరు. నక్క అప్పుడే వదిలించుకుని పోయినట్టుంది, వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"నక్క తోక తొక్కొచ్చాం రా," అన్నాడు మురళి.

"తోక కాదు, తలకాయే తొక్కుంటాం. నా కాలు చూడు. అవున్లే, నీకు కనపడదుగా."

"ఇదే మన సిగ్నల్ రా. విద్యక్క రోజూ వింటది కదా. ఊపుతూ ఉండాలంతే."

"ఊపకపోతే?"

"చచ్చిందనుకుంటారు. చచ్చినదాని కోసం ఈ మంచులో ఎవడొస్తాడ్రా?"

నిస్సార్‌కి అది న్యాయంగానే తోచింది.

గంటకి వందసార్లు అనుకున్నారు. వాచీ చూసి చెప్పడం నిస్సార్ పని. ఊపడం మురళి పని. ఉన్న బిస్కెట్లు పదకొండు. పదకొండోదాన్ని సగం చేయడానికి ప్రపంచబ్యాంకు అప్పు చర్చలంత సేపు పట్టింది.

రెండో రోజు నిస్సార్ మాటలు తగ్గాయి.

"నిస్సారూ, నిద్రపోతన్నావా?"

"లేదు మావా. కళ్లు మూసుకుని కాపలా కాస్తన్నా."

"మీ ఆవిడ హఫీజాకి ఏం చెప్పొచ్చావు?"

"సండే బార్బెక్యూ టైముకి ఇంట్లో ఉంటానన్నా. మటన్‌కి మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టుంటది."

"ఆ మటన్ మనకన్నా వెచ్చగా ఉంటది రా."

నిస్సార్ నవ్వాడు. నవ్వు సగంలో దగ్గుగా మారింది.

మూడో రోజు పొద్దున నిస్సార్ టైము చెప్పలేదు. మురళి పిలిచాడు. కుదిపాడు. ముక్కు దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఊపిరి ఉంది, చాలా పొదుపుగా.

టైము చెప్పేవాడు లేడు కాబట్టి మురళి ఆపకుండా ఊపాడు. వేళ్లు వంగడం మానేస్తే అరచేతుల మధ్య పెట్టుకుని ఊపాడు. చేతులు లేవకపోతే కాలర్‌ని పళ్లతో కరిచి పట్టుకుని తల ఊపాడు. జీతం ఇచ్చిన ఏ కంపెనీకీ అంత శ్రద్ధగా పనిచేయలేదు.

"వస్తారు రా, వింటున్నారు," అన్నాడు పళ్ల సందుల్లోంచి.

నిజమే, వింటున్నారు. క్యాంపులో రిసీవర్ నిదానంగా, ఒక్క బీప్ కూడా తప్పకుండా మోగుతోంది. మబ్బులకి హెలికాప్టర్ లేవలేదు. పోలీసులు రెండు రోజులుగా సరస్సు చుట్టూ వెతికి వెతికి వచ్చారు. విద్యావతి కళ్లు వాచిపోయాయి.

సార్జెంట్ గ్లవ్స్ తీస్తూ రిసీవర్ వైపు చూశాడు.

"ఆ చప్పుడేంటి?"

"పదిహేడో నక్క, బతికే ఉంది," అంది విద్యావతి, "చచ్చుంటే మొన్ననే అక్కడికి వెళ్లి కాలర్ తెచ్చేసుకునేవాళ్లం."