ప్రచురించని పోస్టు

భర్త పోయాక కుట్టు టీచరమ్మకి రాత్రిళ్లు గడవడం కష్టమైంది. అందుకే కుట్టుపని గురించి ఒక బ్లాగు మొదలుపెట్టి, ఒంట్లో బాగున్నా లేకున్నా రోజూ రాస్తూ వచ్చింది. చదివేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ రాత్రి వేళ్లు నొప్పి పుట్టి, చొక్కా కుట్టడం గురించిన పోస్టు సగంలో ఆపేసింది. ఇంకా ప్రచురించనే లేదు. అయినా దాని కింద ఒక కామెంటు కనిపించింది.

"కాలర్ సంగతి మరిచిపోయారు."

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"నా బ్లాగులో ఏమైనా రాశావటే?"

"నీ పాస్‌వర్డ్ నాకెక్కడిదక్కా? ఈ వేళప్పుడు ఇదేం పని? పడుకో."

ఫోన్ పెట్టేశాక ఆమె నెట్ వైరు ఊడబీకింది. అయినా ఇంకో కామెంటు వచ్చింది.

"ఆపకండి. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యండి. ఇక్కణ్ణుంచి కళ్లకి ఆనడం లేదు."

ఆమె కుర్చీ వెనక ఉన్నది పడగ్గది తలుపొక్కటే. వెనక్కి తిరిగి చూడాలంటే భయం. లేచి పారిపోతే ఇక ఎవరూ చదవరేమోనని అంతకన్నా పెద్ద భయం.

ఆమె తల తిప్పకుండానే అక్షరాలు పెద్దవి చేసింది. తర్వాత, తెరకి అడ్డం రాకుండా కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది.