వారంటీ ఆఖరి రోజు

"మీరు చెబితే సరిపోదు మేడమ్, బండి చెప్పాలి," అన్నాడు సర్వీస్ మేనేజర్ చైతన్యకృష్ణ, కంప్యూటర్ తెరను ఫెబా వైపు తిప్పుతూ. "చూడండి. ఎక్కడా ఏ తప్పూ చూపించట్లేదు."

ఫెబా ఆ తెర వంక చూడలేదు. అందులోని పచ్చ గుర్తుల వరుస ఆమెకు కంఠతా వచ్చేసింది. ఈ ఏడాదిలో ఒంగోలు సర్వీస్ సెంటరుకు కారు తీసుకురావడం ఇది తొమ్మిదోసారి.

"పొద్దున మేదరమెట్ల దాటాక ఆగిపోయిందండి. వెనకాలే మిరపకాయల లారీ. ఆ డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి మీ ముందు కూర్చున్నాను."

"ఎంతసేపు ఆగింది?"

"ఇరవై నిమిషాలు. తర్వాత దానంతటదే స్టార్టయింది."

"అయితే ఇప్పుడు బాగానే ఉందిగా మేడమ్."

ఆ మాటకి ఫెబా మొదట్లో అయితే గట్టిగా అరిచేది. మార్టూరు బళ్ళో ఏడో తరగతి పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు ఆమెది. ఆ గొంతు నాలుగోసారికే అరిగిపోయింది. బ్యాటరీ మార్చారు, ఏవో ఫిల్టర్లు మార్చారు, పెట్రోలు బంకు మార్చమన్నారు. చివరికి నడిపే పద్ధతి మార్చుకోమన్నారు. కారు మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు నడిరోడ్డు మీద నిలబడిపోతుంది.

ఆమె భర్త మార్క్‌కి వారానికి రెండుసార్లు ఒంగోల్లో డయాలసిస్. బస్సు కుదుపులకి ఆయన తట్టుకోలేడనే ఈ కారు కొన్నారు. ఇవాళ నలభై నిమిషాలు ఆలస్యంగా ఆస్పత్రిలో దింపి, ఇటు వచ్చి నాలుగు గంటలు కావొస్తోంది.

"ట్యాంకులో పెట్రోలు తోడే పంపు సార్," అన్నాడు పక్కన నిలబడ్డ గౌస్ బాషా. ఆ షెడ్డులో అందరికంటే పాత మెకానిక్. "వేడెక్కితే నిలిచిపోతోంది. చల్లారితే మళ్ళీ పనిచేస్తోంది. బండి మూడోసారి వచ్చినప్పుడే నేను చెప్పాను."

"మీ అనుమానానికి కంపెనీ పంపు ఇవ్వదు భాయ్. తప్పు కంప్యూటర్‌లో పడాలి. పడాలంటే బండి మన ముందు ఆగాలి."

"ఇవాళ్టితో వారంటీ అయిపోతుందండి," అంది ఫెబా.

"తెలుసు మేడమ్. సాయంత్రం ఆరులోపు ఎక్కడైనా ఆగితే వెంటనే తీసుకొచ్చేయండి."

"ఆగిన బండిని ఎట్లా తీసుకురమ్మంటారు?"

చైతన్యకృష్ణ ఫోన్‌లోకి చూసుకున్నాడు. తర్వాత ఒక కాగితం ముందుకు జరిపాడు. పరీక్షించితిమి, లోపం కనబడలేదు అని ఉంది. సంతకం పెడితేగాని బండి బయటికి పోదు.

అప్పుడే ఫోన్ మోగింది. మార్క్.

"సూదులు తీసేశారు. తొందరేం లేదు, నిదానంగా రా," అన్నాడు. తొందర లేదని ఆయన అన్నాడంటే, కూర్చోడానికి కూడా ఓపిక లేదని అర్థం. పదేళ్ళ కాపురంలో ఆ మాత్రం ఆమెకి తెలుసు.

ఫెబా సంతకం పెట్టేసింది.

"అమ్మా, ఒక్క గంట ఆగగలరా?" అన్నాడు బాషా. "పోయే ముందు ఇంకోసారి చూసిస్తాను."

"చూసుకోండి భాయ్, మీ తృప్తి కోసం," అని చైతన్యకృష్ణ మీటింగుకి మేడమీదికి వెళ్ళిపోయాడు.

ఆస్పత్రిలో మార్క్‌ని ఇంకాసేపు పడుకోనివ్వమని నర్సుకి ఫోన్ చేసి చెప్పి, ఫెబా ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. బాషా కారుని వెనక, ఎండకి కాగుతున్న రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళి, అక్కడున్న తెల్ల కారు పక్కన ఆపి, షట్టరు సగానికి దించాడు. ఎదురు గోడ మీద, కొత్త కారు పక్కన నిలబడి నవ్వుతున్న కుటుంబం బొమ్మ. దాన్ని చూస్తూనే ఆమె కాస్త కునుకు తీసింది.

గంటంపావుకి బాషా వచ్చి లేపాడు. చేతులు పెట్రోలు వాసన కొడుతున్నాయి. చొక్కా వీపున చెమటకి అంటుకుపోయింది.

"ఇక ఆగదమ్మా."

"ఈ మాట ఎనిమిదిసార్లు విన్నాను బాషా గారూ."

"వాళ్ళు చెప్పుంటారు. నేనెప్పుడైనా చెప్పానా?"

ఆలోచిస్తే నిజమే. బాషా ఏనాడూ ఆ మాట అనలేదు. ప్రతిసారీ తల దించుకుని తాళాలు చేతిలో పెట్టేవాడు. ఇవాళ సూటిగా చూస్తున్నాడు. అయినా ఆమెకి నమ్మే ఓపిక లేదు. తాళాలు తీసుకుని కారెక్కింది. నడవకపోతే దేవుడే దిక్కు అనుకుంది.

గేటు దాటి హైవే అంచున ఆపింది. పత్తి బేళ్ళ లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. బాషా రోడ్డు పక్కన నిలబడి, సందు దొరికితే చెయ్యి ఊపడానికి చూస్తున్నాడు.

వెనక హారన్ మోగింది. అద్దంలో చూసింది. చైతన్యకృష్ణ భోజనానికి ఇంటికి బయల్దేరినట్టున్నాడు. అతనిదీ అదే రకం కారు, రంగే తెలుపు. గేటు దాకా వచ్చింది, ఒకసారి వణికింది, ఆగిపోయింది. అతను తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. దిగి, బానెట్ ఎత్తి, ఎండలో నిలబడి లోపలికి చూస్తున్నాడు.

"అయ్యో, ఆయనకేమైంది?" అంది ఫెబా అద్దం దించి.

బాషా వెనక్కి తిరిగి కూడా చూడలేదు. లారీల మధ్య సందు దొరికింది, చెయ్యి ఊపాడు.

"అందులో ఉన్నది మీ పంపేలెండమ్మా. మీరు పోనివ్వండి."