తెలుపు కుదిరాక

స్టూడియో కంప్యూటర్లో తెలుపు కుదర్చడానికి, ఫోటోలో తెల్ల గౌను మీద మౌస్ నొక్కాడు జయంత్.

పసుపు కమ్మిన ఫోటో తేరుకుంది. కృష్ణ నీళ్ళకు నీలం వచ్చింది. ఘాటు మెట్లు సిమెంటు రంగుకు తిరిగాయి. గౌను తెల్లబడింది.

అక్షయ ముఖం మాత్రం పసుపు వదల్లేదు.

అక్షయ అతని కూతురు. తొమ్మిదేళ్ళు. ఆదివారం మిట్టమధ్యాహ్నం ఘాటు దగ్గర వాళ్ళమ్మ సుస్మిత ఫోన్‌లో తీసిన ఫోటో అది. పుట్టినరోజుకు ఫ్రేము కట్టాలి.

ఎండ రంగు అనుకుని, పసుపు తగ్గించబోయాడు.

"అది తగ్గించకండి."

జయంత్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. తలుపు తీసిన చప్పుడే కాలేదు.

"ఏం కావాలండీ? పాస్‌పోర్టు సైజా?"

"ఏమీ వద్దండి. అద్దం తలుపులోంచి మీ స్క్రీన్ కనబడింది. ఆ పాప ఎవరండీ?"

"మా అమ్మాయి. ఏం?"

"అన్నం తింటోందా?"

"మీకెందుకండీ అది?"

"తెల్ల గౌను తెల్లగా కుదిరింది కదండీ. ఇంకా పసుపు మిగిలిందంటే అది ఎండది కాదు, కెమెరాదీ కాదు."

"పన్నెండేళ్ళుగా ఇదే పనండీ నాకు. కలర్ కరెక్షన్ నేర్పడానికొచ్చారా?"

"ముఖం కాదు, కళ్ళు చూడండి." ఆయన వంగి స్క్రీన్ మీద పాప కంటికి వేలు ఆనించాడు. "పొద్దున్నే మూత్రం ఏ రంగులో వస్తోందో చూశారా?"

జయంత్ లేచిన ఊపుకు కుర్చీ పడింది.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఆ వారంలోనే వాట్సాప్‌లో మూడు మెసేజ్‌లు వచ్చాయి. అతను ఆయన చొక్కా పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాడు. గెంటాడు. కళ్ళజోడు మెట్ల మీద పడి పగిలింది.

పక్కన జ్యూస్ బండి బాబీ కేకేశాడు. "ఎవడన్నా వాడు?"

"ఎవడో. మా పాప గురించి కూపీ లాగుతున్నాడు."

"నాలుగు తగిలించమంటావా?"

ఆయన కళ్ళజోడు ఏరుకున్నాడు. పారిపోలేదు.

"ట్యూబులైటు కింద తెలీదు బాబూ. పాపని ఎండలోకి తెచ్చి చూడండి. ఇవాళే చూడండి."

వెళ్ళిపోయాడు.

జయంత్ కుర్చీ లేపి కూర్చున్నాడు. పసుపు మొత్తం తీసేశాడు. కూతురు కళకళలాడింది. ప్రింటు ఇచ్చేయొచ్చు.

చెయ్యి ముందుకు పోలేదు.

తీసేసిన పసుపును మళ్ళీ తెచ్చాడు. పదిరోజుల క్రితం తీసిన పాప ఫోటో దీని పక్కన తెరిచాడు. నెల క్రితంది దాని పక్కన పెట్టాడు. మూడింటిలోనూ తెలుపును ఒకేలా కుదిర్చాడు.

నెల క్రితం పాప కళ్ళు తెల్లగా ఉన్నాయి. పదిరోజుల క్రితం అంత తెల్లగా లేవు.

నాలుగు రోజులుగా అక్షయ అన్నం వద్దంటోంది. ఎండాకాలం కదా అని మజ్జిగ ఇస్తున్నారు.

షట్టరు సగం దించి బండి తీశాడు. తాళం వేశాడో లేదో గుర్తులేదు.

"ఏంటి, ఈ వేళప్పుడొచ్చారు?" అంది సుస్మిత.

"అక్షయేదీ?"

"పడుకుంది. నీరసమట."

పాపను ఎత్తుకుని బాల్కనీలోకి తెచ్చాడు. ఎండవైపు తిప్పి కంటి కింది రెప్ప లాగాడు.

సుస్మిత నవ్వింది. "ఆ స్క్రీన్ చూసి చూసి మనుషుల్ని కూడా ఎడిట్ చేస్తున్నారా?"

ఆమె దగ్గరికొచ్చి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"కామెర్లా అండీ?"

ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టు చదివింది. మళ్ళీ చదివింది.

"లివరు దెబ్బతింటోంది. ఇంకో వారం ఆగుంటే నేనేమీ చెప్పగలిగేదాన్ని కాదు. ఇంట్లోవాళ్ళకి రోజూ చూసే ముఖంలో తేడా తెలీదు. మీకెలా తెలిసింది?"

"చెప్పినాయన్ని గెంటేశానండీ," అన్నాడు జయంత్.

పదకొండు రోజులు మంచం పక్కనే ఉన్నారు ఇద్దరూ. తెల్లారగానే కిటికీ దగ్గర పాప కళ్ళు చూసేవాళ్ళు. పసుపు తగ్గాక, పన్నెండో రోజున ఇంటికి పంపారు.

మర్నాడు జయంత్ స్టూడియో సీసీ కెమెరాలోంచి తను గెంటేసిన ఆయన ముఖం ప్రింటు తీశాడు. రంగులు ముట్టుకోలేదు. తెలుపు గురించి అంత తెలిసిన మనిషి ఈ పనిలోవాడే అయ్యుండాలి. చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లందరూ ప్రింట్లు వేయించుకునే ల్యాబ్‌కు వెళ్ళి, కౌంటర్లో స్టీఫెన్‌కు చూపించాడు.

"సూర్యప్రకాష్ గారు కదండీ! హనుమాన్ జంక్షన్‌లో స్టూడియో. స్కిన్ టోన్ అంటే ఆయన చెయ్యే. ఫోటో మెరుస్తుంది, మనిషి మారడు. రెండేళ్ళయింది ఇటు రాక."

జంక్షన్‌లో ఆ స్టూడియో అద్దం తలుపుకు తాళం ఉంది. పక్క కొట్లో మిషను కుడుతున్న సుబ్బరత్నం తలెత్తింది.

"లేరండి. పొద్దున్నే బస్సెక్కేవారు. ఊరూరా స్టూడియోల ముందు నిలబడి, కంప్యూటర్లో ఎవరి పిల్లలున్నారా అని చూసేవారట. మొన్నామధ్య బెజవాడలో ఎవరో గెంటేశారు. కళ్ళజోడు పగిలి వచ్చారు. మర్నాడు మళ్ళీ బస్సెక్కి వెళ్ళిన మనిషి ఇప్పటిదాకా రాలేదు."

"ఫోన్?"

"ఇంట్లోనే వదిలేశారు."

జయంత్ అద్దానికి ముఖం ఆనించాడు. లోపల గోడ మీద ఓణీలో ఒక అమ్మాయి ఫోటో. అలవాటు కొద్దీ రంగులు చూశాడు. ఓణీ ఎరుపు ముఖం మీదికి పాకలేదు. చర్మం చర్మంలాగే ఉంది. కళ్ళు తెల్లగా ఉన్నాయి.

"ఇంత బాగా నేను చెయ్యలేనండీ," అన్నాడు.

"వాళ్ళ దుర్గండి. ఒక్కతే పిల్ల. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు," అంది సుబ్బరత్నం. "ఆ ఫోటో తీసిన తొమ్మిదో రోజున కామెర్లతో పోయింది. ఫోటోలో కళ్ళ పసుపు లైటుదనుకుని, ఆయనే తన చేత్తో తీసేశారండి."