టాబితా నవ్వు

"కదలకండి ఎల్డన్ గారూ! చెవి తెగితే మీ ఆవిడ నన్ను చంపేస్తుంది."

ముందు గదిలోంచి గడ్డం గీయించుకుంటున్న మొగుడి నవ్వు వినిపించింది. వంటింట్లో మొక్కజొన్న రొట్టెకు పిండి కలుపుతున్న వెర్నా చెయ్యి ఆగిపోయింది. నలభై మూడేళ్ల కాపురంలో తన మాటకు ఆ మనిషి అలా నవ్విన గుర్తే లేదు.

పక్షవాతంతో ఎల్డన్ మంచాన పడ్డప్పుడు, నర్సింగ్ హోమ్‌లో అయితే రెండో రోజే చేర్చుకుంటామంది ప్రభుత్వం. ఇంటికే మనిషిని పంపమంటే మాత్రం మూడేళ్లు వరసలో నిలబెట్టింది. చివరికి పంపింది ఈ టాబితాను. వెర్నా బడి వంటశాలలో పళ్లాలు కడగడానికి పోతే, ఆమె మొగుడికి స్నానం చేయించేదీ, తల దువ్వేదీ పాతికేళ్ల పిల్ల!

"నేను గీస్తే గాట్లు, ఆ పిల్ల గీస్తే గిలిగింతలా?" గుమ్మంలోంచే అడిగింది వెర్నా.

"నీ చేతిలో కత్తి చూస్తే ఎవడికి నవ్వొస్తుందే?" అన్నాడు ఎల్డన్, వంకరపోయిన మూతితోనే.

టాబితా కిసుక్కుమంది. వెర్నా విసురుగా వంటింట్లోకి పోయింది.

ఆ గురువారం, టాబితాను పంపిన అధికారిణి ప్రూయిట్ వచ్చింది. "టాబితాకు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందమ్మా. ఇంకో రెండు నెలలే ఉంటుంది. ఈ జీతానికి ఈ కొండల్లోకి ఇంకెవరూ రామంటున్నారు. అప్పటికి మనిషి దొరక్కపోతే ఆయన్ని నర్సింగ్ హోమ్‌కు పంపాల్సిందే."

"అక్కడ పడేస్తే నెల బతకడు. బడి పని మానేసి నేనే చూసుకుంటాను."

"మానేస్తే ఏం తింటారు?"

వెర్నా ఆమెను కారు దాకా సాగనంపి, చాలాసేపు మాట్లాడి, మొహం గంటు పెట్టుకుని తిరిగొచ్చింది. మర్నాడే లాయరు దగ్గరికి పోయింది.

"విడాకులా? ఆ పిల్లతో నవ్వినందుకా!" కాగితాలు చూసి ఎల్డన్ నోరు తెరిచాడు.

"అందుకే అనుకో. సంతకం పెట్టు."

ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు జరిగి కూర్చున్నారు. కోర్టులో జడ్జి కారణం అడిగితే, "ఆ పిల్లతో నవ్వినట్టు నాతో ఏనాడూ నవ్వలేదండీ" అంది వెర్నా. ఆ మాట మాత్రం అబద్ధం కాదు. చక్రాల కుర్చీలో ఎల్డన్ తలెత్తలేదు.

ఆ రెండు నెలలు ముగిసే వారం, శుక్రవారం నాడు విడాకులకు ముద్ర పడింది. వెర్నా కోర్టునుంచి నేరుగా చెల్లెలింటికి పోయింది. ఆదివారం సాయంత్రం దాకా టాబితాయే ఎల్డన్‌ను చూసుకుని, కళ్లు తుడుచుకుంటూ సెలవు తీసుకుంది.

సోమవారం ఎనిమిదింటికి తలుపు తెరుచుకుంది. మెడలో టాబితాకు ఉన్నలాంటి కొత్త గుర్తింపు కార్డుతో వెర్నా లోపలికి వచ్చింది.

"వదిలేసి పోయినదానివి, మళ్లీ ఎందుకొచ్చావు?" గోడవైపు తిరిగి అడిగాడు ఎల్డన్.

"నిన్ను చూసుకునే ఉద్యోగం పెళ్లానికి ఇవ్వరట."