నిమ్మకాయ కట్టిన విమానం

టీవీవాళ్లు వచ్చే పొద్దున, పరమేశ్వర్ ఆరు నెలలు కూర్చుని చేసిన రిమోట్ విమానానికి వాళ్ల అమ్మ దేవవ్వ పసుపు కుంకుమ పెట్టి, ముక్కు కింద నిమ్మకాయ కట్టింది. కొత్త బండికి కట్టినట్టే.

"గిదేందే అవ్వ, ముందటి బరువు ఎక్కువైతే ఎగురది," అన్నాడు పరమేశ్వర్.

"టీవీల ఊరంత సూస్తది బిడ్డా. దిష్టి తగలొద్దు."

అతనికి తీసేయబుద్ధి కాలేదు. బ్యాటరీని కాస్త వెనక్కి జరిపి బరువు సరిచేశాడు. నలభై ఏళ్లొచ్చినా బొమ్మలాటేనని నవ్వే ఊరికి ఇవాళ తెలుస్తుందనుకున్నాడు.

రుద్రూర్ చెరుకు తోటల మీద విమానం రెండు చుట్లు చక్కగా తిరిగింది. మోటారు గురించి, రెక్కల కొలతల గురించి పరమేశ్వర్ గంటసేపు చెప్పాడు. విలేకరి తల ఊపుతూనే ఉన్నాడు. కెమెరా మాత్రం నిమ్మకాయ దగ్గరే ఆగింది.

సాయంత్రం టీవీలో ఎర్ర అక్షరాలు వచ్చాయి: 'చెరుకు తోటలపై బాణామతి విమానం?' పరమేశ్వర్ చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా వేయలేదు.

వార్త అయిపోకముందే వాకిట్లో జనం నిండారు. ఎవరి బర్రెనో చచ్చిందట. ఎవరి కోడలికో జ్వరం తగ్గట్లేదట.

"నిమ్మకాయ కట్టిందెవలు?"

దేవవ్వ నోరు తెరవబోయింది. ముసలి ఆడమనిషి ఆ మాట ఒప్పుకుంటే మంత్రగత్తె అని ఏం చేస్తారో పరమేశ్వర్‌కు తెలుసు. ఆమెను వెనక్కి నెట్టి ముందుకొచ్చాడు.

"నేనే కట్టిన."

ఎవరో ఫోన్లో తీసి టీవీవాళ్లకు పంపారు. అరగంటలో టీవీలో మళ్లీ అతని ముఖం కనిపించింది. ఈసారి అతని మాటను కోయలేదు. మళ్లీ మళ్లీ వేశారు.