దారాలు కత్తిరించే మనిషి

మూతపడ్డ చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై నలుగురు పనివాళ్లకి తలా ఒక కాగితం పంచాడు ట్రైనరు.

“ఇన్నేళ్ల పనిలో మీ బలమేంటో, అది ఎవరు నేర్పారో రాయండి. అది చూశాకే మీ పేర్లు కొత్త కంపెనీకి పంపిస్తా.”

అందరూ రాస్తున్నారు. వెనక బెంచీలో ఒకావిడ కాగితం మాత్రం తెల్లగా ఉంది.

“ఏం పని చేసేదానివమ్మా?”

“కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించేదాన్ని సార్, పదహారేళ్లు.”

“పదహారేళ్లూ అదేనా?”

“అదే సార్.”

“మరి అందులో నీ బలమేంటి?”



“చెప్పుకోడానికేం లేదు సార్. నా దగ్గరికి వచ్చేసరికే చొక్కా తయారైపోయి ఉంటుంది.”

“అయితే బలమంతా కత్తెరదే అన్నమాట.”

జోకు పేలుతుందనుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచింది. “సార్, అక్క…”

“ముందు నీ సంగతి రాయి.”

ఆవిడ ఖాళీ కాగితం బల్లమీద పెట్టి, “వస్తాను సార్” అని తలవంచుకుని వెళ్లిపోయింది.

ఒక్కో కాగితంలో మొదటి వాక్యం మాత్రం చూసి, ఇరవై మూడు పేర్లు పంపించాడతను.

నెల తిరక్కుండానే కొత్త కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు.

“మీవాళ్ల కుట్టు చూసి మా పాత టైలర్లు ముక్కున వేలేసుకుంటున్నారండీ. వీళ్లకి నేర్పిందెవరో కనుక్కుని పంపండి, నెత్తిన పెట్టుకుంటాం. అన్నట్టు, దారాలు కత్తిరించడానికీ ఒక మనిషి కావాలి.”

రెండో పని తేలికనుకుని ముందు ఆవిడ ఇంటికి వెళ్లాడు. తాళం వేసి ఉంది.

“ఖాళీ చేసి వెళ్లిపోయింది బాబూ,” అంది పక్కింటి ముసలమ్మ. “ఎక్కడికో చెప్పలేదు. పదహారేళ్లు చేసినా నాకే పనీ రాదట పిన్నీ, అని మాత్రం ఏడ్చింది.”

 ఆ మాట ఆవిడ చేత అనిపించింది తనేనని అతనికి తెలిసింది.

కనీసం ఆ నేర్పిన మనిషినైనా వెతుకుదామని, గదికొచ్చి కాగితాలు తీసి మొదటిసారి చివరిదాకా చదివాడు.

ఒకరు కాలరు అని రాశారు, ఒకరు కాజాలు, ఒకరు జేబులు.

కానీ ఇరవై మూడు కాగితాల్లోనూ, ఎవరు నేర్పారన్న చోట మాత్రం ఒకే సంగతి ఉంది: వంకర కుట్టు దొరికితే మేస్త్రీకి చెప్పకుండా, తనే విప్పి, పక్కన కూర్చుని మళ్లీ కుట్టించింది మా దారాలక్క.